గురువారం నాటి ఎడమ చెయ్యి

కాంపెన్, శనివారం, 8 అక్టోబరు 1994

అన్నయ్యా,

నీ చెవులు ఫోనుకు పనికిరావు కాబట్టి ఈ కబురు పడవెక్కి నీ దగ్గరికి వస్తోంది. ముందే చెబుతున్నాను, నాకేం కాలేదు. కారుకు కుడివైపు దీపం పగిలింది. ఫెమ్మికి తుంటి విరిగింది.

ఏ ఫెమ్మి అని అడగవనుకుంటాను. గట్టు చివరి ఇంట్లో ఉంటుందే, ఆ ఫెమ్మి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి గురువారం పదిన్నరకు నా ఇంట్లో కాఫీ తాగుతుంది. మా ఆయన పోయినప్పుడు నువ్వు వచ్చేదాకా నా పక్కన కూర్చున్నది తనే.

మొన్న గురువారం కూడా సైకిలు మీద నా ఇంటికే వస్తోంది. కుడి చెయ్యి హ్యాండిలు మీద, ఎడమ చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆపిల్ కేకు. నేను కాఫీ పొడి కొనుక్కుని కారులో వెనకాలే వస్తున్నాను. మా వీధి మలుపు దగ్గర ఆమెను దాటబోయాను. సరిగ్గా అప్పుడే ఎడమకు తిరిగింది. నా వేగం ఇరవై కూడా ఉండదు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, సొరుగు మూసినంత.

రోడ్డు మీద పడి ఉండి ఏమడిగిందో తెలుసా? "కేకు పాడైందా?" అని. కాకులు అప్పటికే దిగాయి. నేను నా కోటు ఆమె మీద కప్పి "కదలకు" అన్నాను. అంబులెన్సు వచ్చేదాకా ఆ ఒక్క మాటే పదిసార్లు అన్నాను.

నిన్న ఆపరేషన్ అయింది. మంగళవారం దాకా ఇంటివాళ్లను తప్ప ఎవరినీ రానివ్వరట. బుధవారం ద్రాక్షపళ్లు తీసుకుని వెళ్తాను. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఫారాలు వచ్చాయి. ముప్ఫై ఆరేళ్లు అదే పని చేసి, కార్లే రానివ్వని దీవి చూసుకుని కాపురం పెట్టిన పెద్దమనిషివి. వాటిని ఎలా నింపాలో చెప్పు.

నీ చెల్లి,
హిల్లెకె


స్ఖీర్ దీవి, మంగళవారం, 11 అక్టోబరు 1994

చెల్లీ,

నిన్న గాలికి పడవ ఆగిపోయింది. నీ ఉత్తరం ఇవాళ పొద్దున చేరింది. మధ్యాహ్నం పడవకు ఇది వేస్తున్నాను. రేపు పొద్దున, నువ్వు ద్రాక్షపళ్లు కొనకముందే అందాలని.

ఆసుపత్రికి వెళ్లవద్దు. పువ్వులు, కార్డులు ఏవీ పంపవద్దు. పళ్లెం నీ దగ్గరుంటే అక్కడే ఉంచు. "క్షమించు" అన్న మాట నీ నోట వస్తే చాలు, పక్కన కూర్చున్న ఫెమ్మి కూతురు దాన్ని తప్పు ఒప్పుకున్నట్టు రాసుకుంటుంది. తరువాత మన కంపెనీ చేతులెత్తేస్తుంది. గుమ్మడికాయల దొంగ ఎవరో ఇంకా ఎవరూ అడగలేదు, నువ్వే ముందు భుజాలు తడుముకోకు.

చట్టం సంగతి చెబుతాను, ఒకసారి విను. కారూ సైకిలూ గుద్దుకుంటే తప్పు ఎవరిదన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎవరు బరువు అన్నది. సైకిలు మీద ఉన్నది పద్నాలుగేళ్ల లోపు పిల్లయితే నష్టం మొత్తం కారుదే. పెద్దవాళ్లయితే, వాళ్లు ఎంత తప్పుగా తొక్కినా కనీసం సగం కారు భరించాలి. మిగతా సగం దగ్గరే వాదన. కారు నడిపినవాళ్లు ఏం చేసినా తప్పించలేకపోయేవాళ్లని రుజువైతేనే ఆ మొదటి సగం కూడా పోతుంది. కోర్టులో అది పదికి ఒక్కసారి కూడా నిలబడదు. అయినా కంపెనీ ముందు ఆ మాటే అంటుంది. అదొక ఆనవాయితీ.

కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. తిరిగేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి ఎక్కడుంది? చాపిందా, లేదా? ఫారంలో బొమ్మ గీసే గడి ఉంటుంది. కారు, సైకిలు, బాణం గుర్తులు. కథలు వద్దు.

ఇక్కడ బాతులు దిగాయి. పడవ దిగిన జనం దుర్భిణీలు పట్టుకుని సైకిలు దారికి అడ్డంగా నిలబడుతున్నారు.

వెస్సెల్


కాంపెన్, ఆదివారం, 16 అక్టోబరు 1994

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వెళ్లలేదు. ద్రాక్షపళ్లు నేనే తిన్నాను, పుల్లగా ఉన్నాయి.

ఫారం కూడా నింపాను. "సైకిలిస్టు ఎడమకు తిరుగుతూ చెయ్యి చాపలేదు." ఇది నిజమే, అబద్ధం ఏమీ లేదు. ఆ చేతిలో పళ్లెం ఉందని రాయడానికి గడిలో చోటు లేదు. రాద్దామనుకున్నాను కాని కథలు వద్దన్నావు కదా. బొమ్మలో సైకిలు మేకలా వచ్చింది. బాణం గీసి సరిపెట్టాను.

పళ్లెం నా దగ్గరే ఉంది. నీలం అంచు ఎనామిల్ పళ్లెం, వాళ్లమ్మది. అంచున గోరంత పెచ్చు లేచింది. కడిగి వంటింటి కిటికీలో పెట్టాను. కాఫీ పెట్టుకునేటప్పుడల్లా ఎదురుగా కనబడుతోంది. అక్కణ్ణించి తీసి అలమారలో పెట్టాను. అక్కడ ఉందన్న సంగతి మరీ గుర్తొస్తోంది. మళ్లీ కిటికీలో పెట్టాను.

నిన్న సంతలో హెరింగు చేపలమ్మే బెరెండ్ ఏమన్నాడో విను. ఉల్లిపాయలు చల్లుతూ, పదిమందిలో, "ఏంటమ్మా, మీ ఫెమ్మమ్మను మీరే పడేశారంటగా. కాఫీ ఖర్చు ఎక్కువైందా ఏంటి?" అన్నాడు. వాడి నోరు అంతే, మనసులో ఏమీ ఉండదు. నేనూ నవ్వాను. చేప మాత్రం ఇంటికి తెచ్చి పిల్లికి పెట్టేశాను.

గురువారం పదిన్నరకు అలవాటుకొద్దీ రెండు కప్పులు పోశాను. రెండోది చల్లారేదాకా చూసి సింకులో పారబోశాను. ఇలా ఎన్నాళ్లు? నువ్వు అన్నీ లెక్కపెట్టినవాడివి, ఈ లెక్క కూడా చెప్పు.

హిల్లెకె


స్ఖీర్ దీవి, గురువారం, 20 అక్టోబరు 1994

చెల్లీ,

ఫారం బాగా రాశావు. చెయ్యి చాపలేదన్న ఆ ఒక్క వాక్యం మీద కేసంతా నడుస్తుంది. కంపెనీ ఇప్పుడు ఫెమ్మికి ఒక ఉత్తరం పంపుతుంది. అందులో నువ్వు "ఆన్‌స్ప్రాకలక్" కాదు అని ఉంటుంది. నకలు నీకూ వస్తుంది. చూసి కంగారుపడకు. నువ్వు ఈ నష్టానికి జవాబుదారు కాదు అని దాని అర్థం, అంతే.

ఆ మాటతో నా ఆఫీసులో ఒకసారి పెద్ద తమాషా జరిగింది. మన వాడుకలో దానికి "పలకరించదగిన మనిషి" అన్న అర్థం కూడా వినిపిస్తుంది కదా. ఒక పాలరైతుకు "మిమ్మల్ని ఆన్‌స్ప్రాకలక్‌గా భావిస్తున్నాము" అని ఉత్తరం పంపాను. మూడోరోజు టోపీ చేత్తో పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చాడు. "అయ్యా, నన్ను పలకరించొచ్చని రాశారుగా, అందుకే వచ్చాను. పలకరించండి," అన్నాడు. ఆఫీసంతా వారం రోజులు నవ్వుకుంది. నేను అతనికి ఫారం ఇచ్చి పంపేశాను.

ఎన్నాళ్లు అని అడిగావు. ఇలాంటి కేసు ఎనిమిది నెలల నుంచి రెండేళ్లు పడుతుంది. అంతవరకూ నోరు కుట్టుకుని కూర్చో. ఆమె తరఫున కూతురు వకీలును పెడుతుంది. కాగితాలతో కాగితాలు మాట్లాడుకుంటాయి. చివరికి సగానికో, ముప్పాతికకో తెగుతుంది. అప్పుడు వెళ్లి కాఫీ తాగు.

ఇక్కడ నాకు ఒకడు దాపురించాడు. పేరు యెల్మెర్. పడవ టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన ముసలాడు. గవ్వలు పోసిన సైకిలు దారి ఉంది కదా, సరిగ్గా దాని మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. బెల్లు కొడితే టోపీ ఎత్తి నమస్కారం పెడతాడు గాని అంగుళం జరగడు. కారుకూ సైకిలుకూ ఉన్న సగం లెక్క సైకిలుకూ నడిచే మనిషికీ లేదు. అక్కడ ఎవరి తప్పో తేల్చుకోవలసిందే. ఆ మాట అతనికి చెప్పాను. "అలాగా," అని మళ్లీ టోపీ ఎత్తాడు.

వెస్సెల్


కాంపెన్, గురువారం, 3 నవంబరు 1994

అన్నయ్యా,

ఇవాళ ఫెమ్మి కూతురు యానెకె వచ్చింది. తల్లికి వెచ్చటి బట్టలు తీసుకెళ్లడానికి గట్టు చివరి ఇంటికి వచ్చి, పోతూ పోతూ నా తలుపు తట్టింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. ఆమె పుట్టినప్పుడు నేను అల్లిన టోపీ పెట్టే ఇంటికి తెచ్చారు, అలాంటి పిల్ల.

"మీ ఉత్తరం అమ్మ చదివింది," అంది.

"నాది కాదమ్మా, కంపెనీది," అన్నాను.

"కింద మీ పేరుందిగా. చెయ్యి చాపలేదని రాశారు. అమ్మ అది చదివి కళ్లజోడు తీసేసి పక్కన పెట్టుకుంది. అంతే. ఇంకేం అనలేదు. నేనైతే చాలా అన్నాననుకోండి."

ఎలా ఉంది అని అడిగాను. నడక నేర్పే ఆశ్రమంలో ఉందట, నాలుగు కాళ్ల చట్రం పట్టుకుని వరండా చివరిదాకా వెళ్తోందట. తరువాత నేను అడగని సంగతి కూడా చెప్పింది. "నెలాఖరుకు అమ్మను బ్రెడాకు తీసుకుపోతున్నా. మా కింది గది ఖాళీ చేశాం. గట్టు మీద ఇల్లు అమ్మేస్తాం. ఇక్కడ ఆమెకు ఎవరున్నారని?"

ఆ చివరి మాట నా మొహం మీదే అంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. జవాబు చెప్పకూడదు కదా.

అన్నయ్యా, బ్రెడా ఎంత దూరమో నీకు తెలుసు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి అక్కడికి వెళ్తే మళ్లీ రాదు. రెండేళ్లకు మీ కాగితాలు మాట్లాడుకోవడం అయ్యాక ఎవరితో కాఫీ తాగాలి? ఒక్కసారి వెళ్లి వస్తాను. కేసు మాట ఎత్తను, వాతావరణం గురించే మాట్లాడతాను. సరేనని ఒక్క ముక్క రాయి. నువ్వు వద్దన్న పని చిన్నప్పటి నుంచీ నేను ఎప్పుడూ చెయ్యలేదు, చేసిన రెండుసార్లూ కాలువలో పడ్డాను.

హిల్లెకె


స్ఖీర్ దీవి, బుధవారం, 9 నవంబరు

వెళ్లకు. కేసు నడుస్తోంది. ఎక్కువ రాయలేను.

వె.


కాంపెన్, సోమవారం, 14 నవంబరు 1994

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలో కరెంటు బిల్లు అనాలో తెలియలేదు. ఆ రాత ఏమిటి? కోడి కెలికినట్టుంది. తాగి రాశావా, లేక నా మీద కోపంతో పెన్ను విరగ్గొట్టావా? "చెల్లీ" అని కూడా రాయలేదు. నీ పేరు కూడా సగమే. అన్నీ సగం చేసే అలవాటు నీకు బాగా ఒంటబట్టింది.

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు మండనిచ్చాను. తరువాత కంపెనీవాళ్లు పంపిన నకలు తీసి, మొదటిసారి నిదానంగా చదివాను. "సైకిలిస్టు చెయ్యి చాపలేదు." నేను రాసిందే. దాన్ని ఫెమ్మి కళ్లతో చదివి చూశాను. ఆ చెయ్యి నా కేకు మోస్తోంది, అన్నయ్యా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా గురువారం పూట ఫెమ్మి ఎడమ చెయ్యి ఖాళీగా ఉండదని మా వీధిలో పిల్లికి కూడా తెలుసు. బఠానీ సూపు, పాన్‌కేకులు, ఒకసారి బతికున్న బాతుపిల్ల. ఆ మలుపులో ఆమె ఏనాడూ చెయ్యి చాపలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఫారంలోనూ రాయలేదు. ఆ రోజు కాఫీ పొడి అయిపోయిందని నాకు సిగ్గేసింది. ఫెమ్మి ముందు వచ్చి ఖాళీ డబ్బా చూస్తే ఏమనుకుంటుందో అని, ఆమెకంటే ముందు ఇంటికి చేరాలని, అందుకే దాటబోయాను. ఎక్కడికి తిరుగుతుందో నాకు తెలుసు. చెయ్యి చాపినా చాపకపోయినా, ఆమె ఆ మలుపులో ఎడమకు తిరుగుతుందని లోకంలో ఖాయంగా తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషే వెనక కారులో ఉంది.

ఇందులో నీ సగం ఎక్కడ పెడతావో నాకు తెలియదు. ఎల్లుండి ఆపిల్ కేకు చేస్తాను. గురువారం వెళ్తున్నాను. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. కాలువలో పడితే పడతాను.

హిల్లెకె


స్ఖీర్ దీవి, మంగళవారం, 15 నవంబరు 1994

చెల్లీ,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. పొద్దున మొదలుపెట్టాను, ఇప్పుడు మూడు గంటలైంది. మొన్నటి చిన్న ఉత్తరం కూడా ఈ చేత్తోనే. నువ్వు ఏదో ఒకటి అనుకునే ఉంటావు. నేను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే దానివి.

పోయిన నెల చెప్పిన యెల్మెర్‌ను సైకిలుతో గుద్దాను. ఆరో తారీకు ఆదివారం, పట్టపగలు. మామూలుగానే దారి మధ్యలో నడుస్తున్నాడు. బెల్లు కొట్టాను. టోపీ ఎత్తడానికి వెనక్కి తిరిగాడు. ఈసారి నేను కూడా జరగకూడదని పట్టుపట్టాను. నిజం చెబుతున్నాను, దారి నాది అని అతనికి నేర్పాలనుకున్నాను. అతని నుదుటికి ఐదు కుట్లు, నా కుడి మణికట్టు రెండు ముక్కలు.

ఆ సాయంత్రమే ఎడమ చేత్తో అతనికి ఉత్తరం మొదలుపెట్టాను. దారి వెడల్పు ఇంత, వెలుతురు బాగుంది, బెల్లు రెండుసార్లు మోగింది, కాబట్టి నేను జవాబుదారును కాను. నీకు "వెళ్లకు" అని రాసింది కూడా ఆ ఊపులోనే. నేను మంచి తర్ఫీదు పొందిన గుర్రాన్ని, బండి లేకపోయినా అదే దారిన పోతాను.

పదో తారీకు పొద్దున ఎవరో తలుపు తట్టారు. యెల్మెర్. నుదుటికి కట్టు, దాని మీద టోపీ.

"నన్ను పడేసినాయన ఇల్లు ఇదేనా?" అన్నాడు.

"నిన్ను నేను పడెయ్యలేదు. నువ్వే అడ్డమొచ్చావు," అన్నాను.

"అదీ నిజమే. కాఫీ ఉందా?"

లోపలికి వచ్చి కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నేను నాలుగు రోజులుగా అదే చొక్కాలో ఉన్నాను. అది కూడా గుండీలు పెట్టుకోకుండా, పైన దుప్పటి కప్పుకుని. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడం రాలేదు. ఎవరినీ పిలవలేదు.

"తప్పెవరిదో తర్వాత చూసుకుందాం గానీ, నీకు గుండీలెవరు పెడుతున్నారు?" అన్నాడు.

ఎవరూ లేరన్నాను. లేచి వచ్చి, కింది గుండీ నుంచి మొదలుపెట్టి ఏడూ పెట్టాడు. మెడ దగ్గర గుండీ పెట్టేటప్పుడు కుట్ల మందు వాసన వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది, హిల్లె. దగ్గినట్టు నటించాను. అప్పటి నుంచి రోజూ ఎనిమిదింటికి వస్తున్నాడు. గుండీలు పెట్టి, కాఫీ తాగి, అతనికి నేను మొదలుపెట్టిన ఉత్తరం చదివి, అందులో వాదన ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో చెప్పి వెళ్తున్నాడు. బెల్లు సంగతి మూడుసార్లు అని రాయాల్సిందట.

నా చేతి మీదుగా ఏడు వేల ఫైళ్లు పోయాయి. ఎవరు ఏ వైపు తిరిగారో, చక్రం గుర్తు ఎన్ని మీటర్లో అన్నీ నాకు తెలుసు. ఆ తరువాత ఎవరి గుండీలు ఎవరు పెట్టారో ఒక్క ఫైల్లోనూ అడగలేదు. ఆ పాలరైతును తలుచుకుంటున్నాను. అతను ఆ మాటను తప్పుగా చదవలేదేమో. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నేను పలకరించనైనా లేదు.

వెళ్లు. క్షమించు అనాలనిపిస్తే అను. కంపెనీ ఏమన్నా అంటే నాకు రాయమను, ఎడమ చేత్తో జవాబిస్తాను. నెలాఖరు దాకా ఆగకు. నిన్ను ఆపినందుకు నన్ను కూడా క్షమించు.

అన్నయ్య


కాంపెన్, శుక్రవారం, 18 నవంబరు 1994

అన్నయ్యా,

నీ ఎడమ చేతి ఉత్తరం నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మం లోపల పడి ఉంది. అప్పటికే నేను వెళ్లొచ్చాను. కోటు విప్పకుండా చదివాను. కోడి కెలికిందన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తాగావన్నది కూడా. గుండీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ యెల్మెర్‌కు చిక్కటి ఉన్ని మేజోళ్లు అల్లి పంపుతాను, పాదం కొలత కనుక్కో.

ఇప్పుడు నా సంగతి. నీలం అంచు పళ్లెంలో కేకు పెట్టుకుని బస్సులో వెళ్లాను. కారు తియ్యబుద్ధి కాలేదు. పళ్లెం ఎడమ చేత్తో పట్టుకున్నాను, అదెంత బరువో తెలుసుకుందామని. మూడో స్టాపుకే చెయ్యి లాగింది.

ఫెమ్మి కిటికీ పక్కన కుర్చీలో ఉంది. సగం అయింది మనిషి. యానెకె మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి తల్లి వైపు చూసింది. ఫెమ్మి కళ్లజోడు పెట్టుకుంది. తరువాత, "నిన్ను పలకరించకూడదన్నారుగా," అంది.

"ఎవరన్నారు?"

సొరుగు లాగి కంపెనీ ఉత్తరం తీసింది. మడతల దగ్గర చిరిగేంతగా చదివినట్టుంది. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో. శ్రీమతి హిల్లెకె ఆన్‌స్ప్రాకలక్ కాదు. నేను బడికి ఆరేళ్లే వెళ్లాను, అయినా చదవడం వచ్చు. ఎన్నిసార్లు చూసినా అంతే ఉంది, పలకరించకూడని మనిషి అని. సరే, నీకు ఇష్టం లేనప్పుడు నేనెందుకు పలకరించాలని ఊరుకున్నా."

"అది కోర్టు మాటమ్మా, చెప్పాగా," అంది యానెకె.

"కోర్టుదైతే ఏంటి, మాట మాటేగా."

అన్నయ్యా, నీ పాలరైతు కథకు నేనూ అక్టోబరులో నవ్వాను. ఆ ఉత్తరం వచ్చిననాటి నుంచీ ఆమె అదే మాట పట్టుకుని, నేను మాట్లాడవద్దని రాయించానని అనుకుంటూ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నేను కేకు బల్ల మీద పెట్టి, ఆమె కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. కాఫీ పొడి అయిపోవడం, ముందు ఇంటికి చేరాలనుకోవడం, ఎక్కడ తిరుగుతుందో తెలిసి కూడా దాటబోవడం. క్షమించు అన్నాను. యానెకె మడతపెట్టడం ఆపేసింది. రాసుకుంటుందేమో అనుకున్నాను, ముక్కు తుడుచుకుంది, అంతే.

ఫెమ్మి నన్నే చూస్తూ, "కాఫీ పొడి లేకపోతే లేదని చెప్పొచ్చుగా, పిచ్చిదానా. నా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి," అంది. మళ్లీ తనే, "వెనక వచ్చేది నీ కారేనని నాకు తెలుసు. ఆ చప్పుడు నాకు తెలీదా? నీ కారేగా అనే చెయ్యి చాపలేదు. ఇంకెవరిదైనా అయితే పళ్లెం పారేసైనా చాపేదాన్ని," అంది.

ఇద్దరం కేకు వైపు చూస్తూ కూర్చున్నాం.

కంపెనీకి ఇవాళ రాశాను. ఆమె అక్కడ తిరుగుతుందని నాకు ముందే తెలుసు అని, ఆ చేతిలో పళ్లెం ఉందని. గడిలో చోటు చాలకపోతే వెనక వైపు రాశాను. వాళ్లు ఎంతకు తెగ్గొడతారో తెగ్గొట్టనీ.

బ్రెడా సంగతి ఇంకా తేలలేదు. "ఆ ఊళ్లో గట్టు లేదు," అని మాత్రం అంది ఫెమ్మి, కూతురు వినేలా. యానెకె ఇల్లు అమ్మే మాట నిన్న ఎత్తలేదు. వసంతం దాకా చూద్దాం అంది.

నిన్న మేం అలా కూర్చుని ఉండగానే పదిన్నరైంది. కాఫీ గది వరండా చివర, ఎడమవైపు ఉందట. ఫెమ్మి చట్రం పట్టుకుని లేచింది. నేను పళ్లెం పట్టుకుని వెనకాల నడిచాను. మరీ నిదానంగా నడుస్తోంది, నత్తలు దాటిపోతాయి. నేను దాటలేదు. మలుపు దగ్గర ఆగింది. ఆమె ఎడమ చెయ్యి చట్రం వదిలేసింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు. ఆ చెయ్యి భుజం ఎత్తున తిన్నగా పక్కకు చాపి, వెనక్కి తిరగకుండానే అంది:

"చాపాను. ఈసారి సరిగ్గా రాసుకో."

రాశాను, అన్నయ్యా.

నీ చెల్లి,
హిల్లెకె